ఘుగ్గుస్ గుట్ట మీద నుంచి చూస్తే

కొండెక్కి ప్రార్థించడం మన సంఘాలకు ఇష్టమైన పని. ఘుగ్గుస్‌లో మేము ఎక్కింది దేవుడు చేసిన కొండ కాదు, ఓపెన్‌కాస్ట్ గని తవ్వి పోసిన మట్టి గుట్ట. సుబాబుల్, తుమ్మ మొలిచి చల్లబడిన పాత గుట్ట అది. క్రిస్మస్ తరువాతి శనివారం యువతతో కలిసి ఎక్కాము. వర్షాకాలంలో అయితే అటు పోకూడదు, మట్టి జారుతుంది. పొదల్లో పులి ఉంటుందేమో చూసుకోండి అని ఊరి పెద్దాయన ఒకరు చెప్పారు. చంద్రపూర్ జిల్లాలో అది వేళాకోళం మాట కాదు.

పైన చాలా నిశ్శబ్దంగా ఉంది. పాటల పుస్తకాలు తీసుకెళ్లాము గానీ ఎవరూ పాట ఎత్తలేదు. ఒకవైపు వార్ధా నది, ఇంకోవైపు సిమెంటు ఫ్యాక్టరీ, కింద వరుసగా బొగ్గు లారీలు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కట్టిన లెక్కలో చంద్రపూర్ దేశంలోనే నాలుగో స్థానంలో ఉంది. ఆ అంకె మాకు ముందే తెలుసు, కంటితో చూసింది ఆ రోజే.

ఆమ్రాయి వార్డు ఎటు అని ఒక అమ్మాయి అడిగింది. ఆమ్రాయి అంటే మరాఠీలో మామిడితోట. 2022 ఆగస్టులో అక్కడ ఒక ఇల్లు నిలువునా భూమిలోకి దిగిపోయింది. ఇంటివాళ్లు ముందే బయటికి పరుగెత్తారు కాబట్టి బతికారు. చుట్టుపక్కల కుటుంబాలను ఖాళీ చేయించారు. ఆ నేల కింద ఎప్పుడో మూసేసిన భూగర్భ గని ఉంది. అలాంటి గనిలో పైకప్పు నిలబడడానికి బొగ్గునే స్తంభాలుగా వదిలి తవ్వుతారు. ఖాళీని ఇసుకతో నింపకపోతే, స్తంభాలు నలిగిపోతే, ఏళ్ల తరువాతైనా పైనేల కుంగుతుంది.

యోబు 28వ అధ్యాయం గని తవ్వేవారి గురించే మొదలవుతుంది. మనుషుల కంటికి దూరంగా, లోతులో వేలాడేవారి గురించి. మేము ఆ అధ్యాయం మీద ఎన్నోసార్లు ప్రసంగించాము, జ్ఞానం అనే మాట దగ్గరికి తొందరగా వెళ్లిపోయాము. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చిన మన తెలుగు తాతలు ఆ మొదటి వచనాల్లోనే ఉన్నారని చెప్పలేదు. ఇది మా తప్పే.

లోకం ఎలాగూ పోయేదే కదా, మనకెందుకు అనేవారున్నారు. కుంగిన ఇంటివారికి ఆ మాట చెప్పి రాగలరా?

చేయదగిన పని ఉంది. 2015లో గనుల చట్టం సవరించాక గనుల జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజులవారు రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము అందులో జమ చేయాలి. గనుల వల్ల నష్టపోయిన మనుషుల కోసమే ఆ సొమ్ము. 2009కి ముందే మూతపడ్డ గనుల విషయంలో బొగ్గు మంత్రిత్వ శాఖ 2022 అక్టోబరులో మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి అడగవలసినవి రెండే: పాత గనుల పటం వార్డులో అందరికీ కనబడేలా పెట్టాలి, ఏ ఇంటి కింద ఖాళీ ఉందో తేల్చి ఆ కుటుంబానికి వేరేచోట పక్కా ఇల్లు ఇవ్వాలి.

మన పెద్దలు తెలుగు బైబిలు చదువుతారు, ఆఫీసు కాగితం మరాఠీలో ఉంటుంది. బడిలో మరాఠీ చదువుకున్నది పిల్లలే. గుట్ట దిగేటప్పుడు ఇద్దరు ఆ అర్జీ రాస్తామన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని తెలుగులో చదివి వినిపిస్తారు. సంతకం పెట్టేవారు ఆధార్ నకలు తెచ్చుకోవాలి.