ఎద్దుకున్న విశ్రాంతి మన పిల్లలకు లేదా?



పొలాల అమావాస్య నాడు మన ఆదిలాబాద్ ఊళ్ళల్లో ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, నైవేద్యం తినిపిస్తరు. ఏడాదంతా కష్టపడ్డ జీవానికి ఒక్క రోజన్నా అలసట తీరాలని మన పెద్దలకు ఎవరూ నేర్పలేదు. అవే ఇండ్ల నుంచి హాస్టల్‌కు పోయిన పిల్లలకు మాత్రం ఆదివారం కూడా స్టడీ అవరే!

మేమూ హాస్టళ్ళలో చదివినవాళ్ళమే. పొద్దున ఐదింటికి బెల్లు, రాత్రి పదింటికి లైట్లు ఆఫ్. మధ్యలో క్లాసులు, స్లిప్ టెస్టులు, మళ్ళీ స్టడీ అవర్. లైబ్రరీ అని బోర్డుండేది, దాని తలుపుకు తాళముండేది. తనిఖీ ఉన్న రోజే తీసేవాళ్ళు. ఏడో తరగతిలో మాలో ఒకరు అవ్వ చెప్పిన కథను గోండిలో, తెలుగు అక్షరాలతో రాసుకుంటుంటే సారు నోట్‌బుక్ లాక్కుని "ఇది పరీక్షలో వస్తదా?" అన్నడు. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వినం. ఆ కథ అక్కడే ఆగిపోయింది. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నం.

ఆదివాసులకు రాత లేదని ఇంకా అనేవాళ్ళున్నరు. నార్నూర్ మండలం గుంజాలలో మన పెద్దలు సొంత లిపిలో రాసి దాచుకున్న ప్రతులు దొరికినయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఆ పెద్దలు మార్కుల కోసం రాసిండ్రా?

"పోటీ ప్రపంచం, మనవాళ్ళు వెనకబడి ఉన్నరు, ఇంకా రుద్దాలె" అని మన సీనియర్లే అంటున్నరు. రుద్దితే గైడు నోటికొస్తది, చదువు రాదు. నచ్చిన పుస్తకాలు చదివే అలవాటున్న పిల్లలు తెలియని పేరా ఎదురైనా బెదరరు. నిద్ర చాలని బుర్రలో పొద్దున చదివింది సాయంత్రానికి నిలవదు.

ఇంకో మాట. చిన్న వయసులో ఇల్లు విడిచిన పిల్లలకు బెంగ ఉంటది. చెప్పుకుందామంటే వాళ్ళ భాష తెలిసిన టీచర్ దొరకడమే కష్టం. ఆ బెంగ ఎటు పోవాలె? రాసుకుంటే కొంత బరువు దిగుతది. రాసినా దిగనంత బరువైతే దాచుకోవద్దు, నమ్మకమున్న పెద్దవాళ్ళకు చెప్పాలె, 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయాలె.

మేము దయ అడగడం లేదు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతి, ఆట పిల్లల హక్కని చెబుతుంది. మన దేశం 1992లోనే దానికి ఒప్పుకుంది. అందుకే అడుగుతున్నం: రోజుకు ఒక గంట ఏ టెస్టూ లేని సమయం కావాలె. లైబ్రరీ తాళంచెవి పిల్లల కమిటీ చేతిలో ఉండాలె. ఆదివారం మధ్యాహ్నం పూర్తిగా వదిలేయాలె. గోండి, కోయ, కొలామీ, లంబాడీ ఏ భాషలోనైనా రాసే గోడపత్రిక ప్రతి హాస్టల్‌లో ఉండాలె.

మనమూ మారాలె. అర్ధరాత్రి దాకా రీల్స్ చూసి అదే విశ్రాంతి అనుకోవద్దు. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు అవ్వ పక్కన కూర్చొని ఒక్క కథన్నా రాసుకుందాం. తిరిగి పోయేటప్పుడు ఆ నోట్‌బుక్ హాస్టల్ పెట్టెలో అడుగున కాకుండా పైన పెడదాం. ఎవరన్నా "పరీక్షలో వస్తదా?" అంటే ఈసారి మనం నవ్వొద్దు.