పాత సైకిలు – ఏటూరునాగారపు బాట

తాడ్వాయినుండి ఏటూరునాగారమునకు పోవు అడవి బాటను చూచితిమని చెప్పువారు పలువురు కలరు. వారిలో అధికులు చూచినది మోటారు కిటికీలో వెనుకకు పరుగెత్తు పచ్చదనమును మాత్రమే. ఆ బాటను నిజముగా నెరుగగోరు ప్రయాణికునకు పాత సైకిలే తగిన వాహనమని నా యభిప్రాయము.

కొందరు నవ్వుదురు. పాత సైకిలు బరువనియు, దానికి గేర్లు లేవనియు, ఇనుపకడ్డీల బ్రేకులు వానలో సరిగా పట్టవనియు నందురు. ఈ మాటలన్నియు నిజమే. అయినను దాని 28 అంగుళముల చక్రములు గతుకుల దెబ్బను చాలవరకు మ్రింగివేయును. నిటారుగా కూర్చుండుటచే చూపు నేలమీద గాక చెట్లమీద నిలుచును. 1885లో ఇంగ్లండున స్టార్లీ 'రోవరు' సైకిలును చేసెను. 1888లో డన్‌లప్ దానికి గాలి టైరును సమకూర్చెను. ఆ మూలరూపము నేటికిని పెద్దగా మారలేదు. కావుననే అది చెడినచో పల్లెటూరి మరమ్మతువాడైనను బాగుచేయగలడు. వేల రూపాయలు పోసి కొన్న పందెపు సైకిలునకు ఆ భాగ్యము లేదు.

ఈ బాట అభయారణ్యము నడుమగా సాగును. టేకు, మద్ది, వెదురు, తునికి, ఇప్ప ఇరుప్రక్కల పెరుగుచున్నవి. చైత్రమాసపు వేకువను పోయినచో రాలిన ఇప్పపూల మత్తువాసన చాలదూరము వెంటవచ్చును. కోయ స్త్రీలు గంపలతో వానిని ఏరుచుందురు. సైకిలువానిని వారు పలుకరింతురు. కారువాని నెవరు పలుకరింపగలరు? 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారము ప్రాంతపు అడవిలో వేలకొలది చెట్లు కూలినవి. అట్టి చోట ఎండ నేలకు దిగినపిదప ఏ మొలకలు లేచునో చూడవలెనన్న దిగి నిలువవలయును. మరియు కొందరు కార్లాపి కోతులకు తినుబండారములు విసరుదురు. అది దయ కాదు. వానిని చక్రముల క్రిందికి పిలుచుటయే.

తలిదండ్రులకొక మాట. తాతగారి సైకిలును తూకమున కమ్మి, అప్పుచేసి, మీసము రాని బాలునకు మోటారుసైకిలు కొనియిచ్చువారు మనలో కలరు. మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునకు 3 సంవత్సరముల వరకు చెరయు, 25,000 రూపాయల జరిమానాయు 2019 నాటి చట్టసవరణ విధించినది. ఆ భయము నటుంచినను, త్రుప్పు తుడిచి, చైనుకు నూనెవేసి, తామును వెంటనుండి పిల్లలనొకమారు ఈ బాటను పంపిచూడుడు. బాలికలను మానిపింప నక్కరలేదు.

అయితే ఇది 163వ జాతీయ రహదారి. లారీలు వడిగా వచ్చును. రెండేండ్లకొకమారు మాఘమున జరుగు మేడారము జాతర దినములలో ఇటు సైకిలు వలదు. అడవి త్రోవలలోనికి మరలరాదు. పంపు, ట్యూబు అతుకు సామాను, రెండు సీసాల నీరు కొనిపోవలయును. పెందలకడ బయలుదేరినవారు ఊరు దాటి, ముల్లకట్ట వంతెనవరకు పోయి, గోదావరిని చూచి, ప్రొద్దుండగనే ఏటూరునాగారము మరలివచ్చి బస చేయవచ్చును.