కెపాసిటర్లన్నీ పీకేసే వైద్యం మాకొద్దు

ఇంట్లో పాత ఆసిలోస్కోప్ ఉందని చెప్తే చాలు, "పవర్ సప్లైలో కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వేయించండి" అని సలహా వచ్చిపడుతుంది. ఒక్క రీడింగు కూడా తీయకుండా చెప్పే ఈ మాట మేం ఒప్పుకోం. పన్ను నొప్పి పుడితే ముప్పైరెండూ పీకించుకుంటామా?

బెంగుళూరులో మా బోటి తెలుగిళ్ల అటకల మీద పెద్దవాళ్లు వేలంలో కొన్న పెట్టెలు ఇంకా ఉన్నాయి. 1950ల నాటి టెక్ట్రానిక్స్ 545నే తీసుకోండి. లోపలి భాగాలు సెరామిక్ పట్టీల గాడుల్లో అతికి ఉంటాయి. మామూలు సోల్డరుతో పదేపదే వేడిచేస్తే గాడిలోని వెండి పూత ఊడొస్తుంది. అందుకే 3 శాతం వెండి కలిసిన సోల్డరు చుట్టని కంపెనీయే పెట్టెలో పెట్టి పంపేది. ఇది తెలియని చెయ్యి నలభై కెపాసిటర్లు మారిస్తే మిగిలేది ఇనపసామాను.

అలాగని ఏదీ ముట్టుకోవద్దని కాదు. ఎలక్ట్రోలిటిక్‌లో ద్రవం ఎండుతుంది, ఈఎస్ఆర్ పెరుగుతుంది, రిపుల్ ఎక్కువవుతుంది. కాబట్టి ముందు ఒక్కో సప్లైలో రిపుల్ కొలవండి, సర్వీస్ మాన్యువల్ ఇచ్చిన హద్దుతో పోల్చండి. దాటితేనే చెయ్యి పెట్టండి. మీటరు మీద కెపాసిటీ రాసినదానికన్నా 30 శాతం ఎక్కువ చూపిస్తే గాభరా పడక్కర్లేదు, ఆ రోజుల్లో టాలరెన్స్ అంత వదులుగానే ఉండేది. ఎక్కువగా చచ్చేవి వేడి రెసిస్టర్ల పక్కన నక్కిన చిన్నవి.

కొలవకుండానే మార్చాల్సింది మాత్రం ఒకటుంది: మెయిన్స్ లైన్ మీద ఉండే, పగుళ్లిచ్చిన మెటలైజ్డ్ పేపర్ కెపాసిటర్. తేమ పీల్చి ఒకరోజు ఇల్లంతా పొగ చేస్తుంది.

ఇరవయ్యేళ్లు మూలపడిన పెట్టెని "పనిచేస్తుందేమో చూద్దాం" అని నేరుగా ప్లగ్గు పెట్టడం ఇంకో పాడు అలవాటు. వాడకం లేక లోపలి ఆక్సైడ్ పొర పలచబడి ఉంటుంది. పూర్తి వోల్టేజీ పడగానే కరెంటు లీకై వేడెక్కి పేలొచ్చు. విడిగా తీసి, రెసిస్టర్ ద్వారా మెల్లగా వోల్టేజీ ఎక్కించాలి. తాకేముందు డిస్‌చార్జ్ చెయ్యడం మరవకండి, 545లో వందల వోల్టులుంటాయి.

కొత్తది కొనాల్సొస్తే ఎస్.పి. రోడ్డులో ధర కన్నా ముందు డేట్ కోడ్ చూడండి. షాపులో పదేళ్లు మగ్గింది మనకెందుకు? 105 డిగ్రీలదే అడగండి.

ఈ ఆదివారం కవరు తీసి ఆ సోల్డరు చుట్ట ఇంకా ఉందేమో చూడండి. ఉంటే ఎవరికీ ఇవ్వకండి.