కలిపినవానికి తెలిసినది త్రాగువానికి తెలియరాదా?

ఔషధములను గూర్చియు, రసాయనములను గూర్చియు వైద్యులు కానివారు చదువుటయు, చదివినది పదిమందికి చెప్పుటయు అనర్థదాయకమని కొందఱు పెద్దలు వాదించుచున్నారు. అరకొర చదువు ప్రాణములకు ముప్పని వారి భయము. ఈ వాదమును మేము నారాయణఖేడు సీమలోని కల్లుత్రాగరి యింటి గడపయొద్ద నిలిపి పరీక్షింప గోరుచున్నాము.

చెట్టునుండి దిగిన కల్లు చాలనప్పుడు నీటిలో చక్కెరయు శాకరినును చేర్చి, మత్తునకై క్లోరల్ హైడ్రేటునో, డైజిపామునో, ఆల్ప్రజోలామునో కలిపి అమ్ము దురాచారము తెలంగాణమున పలుమాఱు బయటపడినదే. క్లోరల్ హైడ్రేటును 1832లో జర్మనీ రసాయనికుడు లీబిగు తయారుచేసెను. 1869లో అది నిద్రమందుగా వాడుకలోనికి వచ్చెను. ఆల్ప్రజోలాము వైద్యుని చీటి లేక అమ్మరాని మాత్ర. కల్తీ చేయువాడు ఏ పొడికి ఎంత మత్తో ఎఱుగును. త్రాగువాడొక్కడే ఎఱుగడు. రసాయనశాస్త్రము సామాన్యునకు తగదనువారు, అది వంచకుని చేత ఎన్నడో పడియున్నదని గమనింపరేల?

2015లో కల్తీపై దాడులు జరిగి ఆ కల్లు దొరకకపోగా, అలవాటుపడిన వారనేకులు వణకుచు, మూర్ఛలు పోవుచు, కలవరించుచు ఆస్పత్రులపాలైరి. కారణము గూఢము కాదు. ఈ మందులు మెదడు ఉద్రేకమును అణచును. మెదడు నానాటికి వానికి ఎదురు నిలుచుట నేర్చుకొనును. మందు ఒక్కసారిగా నిలిచినచో అణగియున్న ఉద్రేకము కట్ట తెగిన చెఱువువలె పొంగును. కావుననే దానిని వైద్యుని కనుసన్నల క్రమముగా తగ్గింపవలెను. ఇంతమాత్రము ఇల్లాలికి తెలిసినచో, పెనిమిటికి గాలి సోకినదని తాయెత్తులకై తిరుగక, వెంటనే ఆస్పత్రికి గొనిపోయి, "రోజు కల్లు తాగుతుండె, మూడు దినాల సంది బంద్ జేసిండు" అని చెప్పగలదు. ఆ ఒక్క మాట వైద్యునకు సగము రోగనిర్ణయము.

పెద్దల భయమున సత్యాంశము లేకపోలేదు. మందు గుణము తెలిసినంతనే మందిచ్చుటకు అర్హత రాదు. కల్తీ చేయు విధము ఎవ్వరికిని చెప్పనక్కఱలేదు. ప్రమాదచిహ్నములును, ఆస్పత్రికి పరుగిడవలసిన వేళయు చెప్పవలెను. చెప్పువాడు తన మాటకు ఆధారమును చూపవలెను, తన యెఱుకకు ఎల్లయు చూపవలెను. అంతేకాని, ఎల్ల దాటువారు కొందఱున్నారని దీపమునే ఆర్పుట న్యాయమా?

1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రములను తెలుగు లోగిళ్లకు తెచ్చెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, అది ముగియకమునుపే 1923లో దివంగతులైరి. నేటికిని మన యింటి మందుపెట్టెపై అక్షరములు పెక్కింటికి ఆంగ్లములే. మిగిలిన పని మనది. ఒక్కొక్క మందును గూర్చి తెలిసినవారు తెలిసినంత శుద్ధమైన తెలుగున వ్రాసి, పొరుగింట చదివి వినిపింపుడు. అజ్ఞానము రోగిని కాపాడదు, కల్తీదారునే కాపాడును.