ఫైర్‌వాల్ ఆపేయమనడం సలహా కాదు

ప్రింటర్ పలకకపోతే ఫైర్‌వాల్ ఆపేయమంటారు. అన్న కంప్యూటర్‌లో షేర్ చేసిన ఫోల్డర్ తమ్ముడి లాప్‌టాప్‌లో కనిపించకపోతే ఆపేయమంటారు. పక్కగదిలోని సిస్టంలో ట్యాలీ డేటా తెరుచుకోకపోయినా, నలుగురు కుర్రాళ్లు ఒకే వైఫై మీద ఆడుకునే ఆట కలవకపోయినా, చివరికి నెట్ నెమ్మదించినా అదే మందు. ఇంటికొచ్చి కంప్యూటర్ బాగుచేసే వాళ్లలో చాలామంది మొట్టమొదట చెయ్యి పెట్టేది ఆ స్విచ్ మీదే. పనైపోయాక దాన్ని మళ్లీ ఆన్ చేసి వెళ్లినవాళ్లను మీరెంతమందిని చూశారు? ఈ సలహా తప్పు. అప్పుడప్పుడూ ఫలిస్తుంది కనుక జనం దాన్ని నమ్ముతున్నారు, ఇంకొకరికి చెబుతున్నారు.

నెట్ వేగం సంగతి ముందు తేల్చేద్దాం. విండోస్‌తో పాటు వచ్చే ఫైర్‌వాల్ ప్రధానంగా ఆపేది మీరు పిలవకుండా బయటి నుంచి వచ్చే కనెక్షన్లను. మీరు వెబ్‌సైట్ తెరిస్తే, సినిమా చూస్తే, ఫైలు దించుకుంటే ఆ డేటా మీరు అడిగితే వస్తున్నది. అడిగింది ఈ కంప్యూటరేనని ఫైర్‌వాల్ గుర్తుపెట్టుకుని జవాబును నేరుగా లోపలికి రానిస్తుంది. ఆ పనికి నేటి కంప్యూటర్‌కు పట్టే శ్రమ లెక్కలోకి రాదు. మరి అది తీసేస్తే ఏ వేగం పెరగాలి? నెమ్మదికి కారణం వైఫై సిగ్నల్ కావచ్చు, మీరు తీసుకున్న ప్లాన్ కావచ్చు, తెర వెనక దిగుతున్న అప్‌డేట్ కావచ్చు. అవేవీ చూడకుండా ఫైర్‌వాల్‌ను నిందించడం రోగి నాడి పట్టకుండా మందు రాయడమే.

ఫైర్‌వాల్ లేకపోతే ఏమవుతుందన్నది ఊహకు వదిలిన ప్రశ్న కాదు. లోకమంతా ఒకసారి అనుభవించింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది, కానీ మామూలుగా ఆఫ్‌లో ఉండేది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ వచ్చింది. ఎవరూ మెయిల్ తెరవనక్కర్లేదు, దేని మీదా క్లిక్ చేయనక్కర్లేదు. నెట్‌కు కలిపి ఉన్న యంత్రంలోకి 135వ పోర్టు గుండా దానంతట అదే వచ్చేది. అరవై సెకన్లలో సిస్టం ఆగిపోతుందని తెర మీద లెక్క మొదలయ్యేది. దాన్ని అడ్డుకునే ప్యాచ్ అంతకు ముందు నెలలోనే విడుదలైంది. అడ్డుకోగల ఫైర్‌వాల్ అప్పటికే ఎక్స్‌పీ కంప్యూటర్లలో ఉంది. రెండూ వాడకంలో లేకపోవడమే కొంప ముంచింది. మరుసటి ఏడాది ససర్ అనే మరో వార్మ్ 445వ పోర్టు గుండా అదే పని చేసింది. ఈ దెబ్బలతో మైక్రోసాఫ్ట్‌కు తత్త్వం బోధపడింది. 2004 ఆగస్టులో ఇచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్‌ను అందరికీ ఆన్ చేసి పెట్టింది. మన మిత్రులు ఒక్క క్లిక్‌తో రద్దు చేస్తున్నది లక్షల యంత్రాలు చెడిపోయాక తీసుకున్న ఆ నిర్ణయాన్నే.

అది పాత కథ అంటారా? 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసే వాన్నాక్రై అనే వార్మ్ వచ్చింది. దారి మళ్లీ 445వ పోర్టే. ప్యాచ్ మళ్లీ రెండు నెలల ముందే ఉంది. బ్రిటన్‌లో ఆస్పత్రుల పని ఆగిపోయింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. 'నా కంప్యూటర్‌లో దోచుకోవడానికి ఏముంది?' అనేవాళ్లు ఈ సంఘటనను మరోసారి గుర్తుచేసుకోవాలి. వాన్నాక్రై ఎవరి దగ్గర ఏముందో విచారించి రాలేదు. అడ్రసులు పట్టుకుని తట్టుకుంటూ పోయింది, తెరిచి ఉన్నచోట దూరింది. పిల్లల ఫోటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, ఏడాది లెక్కలు తాళం పడితే మీకు నష్టం కాదా?

ప్రత్యర్థి వాదాల్లో కాస్త గట్టిది ఒకటుంది: 'ఇంట్లో రూటర్ ఉందిగా, బయటివాళ్లు ఎలాగూ లోపలికి రాలేరు.' ఇందులో సగం నిజం ఉంది. పాత పద్ధతి ఇంటర్నెట్ అడ్రసుల్లో రూటర్ ఇంటి పరికరాలన్నింటినీ ఒకే అడ్రసు వెనక దాస్తుంది. పిలవని కనెక్షన్ ఎవరికి ఇవ్వాలో దానికి తెలియదు కనుక వదిలేస్తుంది. కానీ మన దేశంలో నెట్ కంపెనీలు ఇప్పుడు ఐపీవీ6 విరివిగా ఇస్తున్నాయి. అందులో ప్రతి పరికరానికీ సొంత అడ్రసు ఉంటుంది. దాపరికం పోతుంది. అక్కడ అడ్డుకోవాల్సింది రూటర్‌లోని ఫైర్‌వాల్ మాత్రమే. మీ రూటర్‌లో అది ఉందా, ఆన్‌లో ఉందా? ఆపేయమన్న మనిషి అది చూశాడా? పైగా చాలా రూటర్లలో యూపీఎన్‌పీ అనే సదుపాయం ఉంటుంది. ఇంట్లోని ఏ పరికరమైనా అడిగితే చాలు, రూటర్ దాని కోసం బయటికి పోర్టు తెరిచేస్తుంది.

అంతకంటే పెద్ద లోపం ఇంకోటి. రూటర్ ఇంటికీ వీధికీ మధ్య నిలబడుతుంది. ఇంట్లోని రెండు పరికరాల మధ్య నిలబడదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల లాప్‌టాప్, ఏళ్లుగా అప్‌డేట్ లేని సీసీ కెమెరా, చౌకగా కొన్న టీవీ బాక్స్ అన్నీ మీ వైఫై మీదే ఉన్నాయి. వాటిలో ఒకటి చెడితే మీ కంప్యూటర్‌ను దాని నుంచి కాపాడేది ఎవరు? ఇక లాప్‌టాప్ ఇంట్లోనే కూర్చోదు. అమీర్‌పేట హాస్టల్‌లో వందమంది వాడే వైఫైకి తగులుకుంటుంది. రైల్వే స్టేషన్‌లో, లాడ్జిలో, కాలేజీలో తగులుకుంటుంది. మీ ఇంటి రూటర్ మీ వెంట రాదు. ప్రింటర్ కోసం డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అనే మూడు నెట్‌వర్క్ రకాల్లోనూ ఆపేసిన ఫైర్‌వాల్ అక్కడా ఆగిపోయే ఉంటుంది.

'యాంటీవైరస్ ఉందిగా' అనే మాటకు ఎక్కువ సేపు అక్కర్లేదు. యాంటీవైరస్ చూసేది ప్రధానంగా లోపలికి వచ్చిన ఫైళ్లను, నడుస్తున్న ప్రోగ్రాములను. ఫైర్‌వాల్ కనెక్షన్ దగ్గరే ఆపుతుంది. ఒకటి ఇంకోదాని పని చేయదు. కొన్ని కంపెనీల సెక్యూరిటీ ప్యాకేజీల్లో సొంత ఫైర్‌వాల్ ఉంటుంది, అప్పుడు విండోస్‌ది తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. ఆపడానికి న్యాయమైన సందర్భం అదొక్కటే, అదీ మీ చేతులతో చేయాల్సింది కాదు.

సరే, ప్రింటర్ పలకడం లేదు. నిజంగా ఫైర్‌వాలే అడ్డుపడుతోంది. ఎందుకు? చాలాసార్లు ఆ అడ్డు పెట్టింది మనమే. కొత్త ప్రోగ్రాం మొదటిసారి బయటి కనెక్షన్ల కోసం ఎదురుచూసినప్పుడు విండోస్ ఒక పెట్టె చూపి అనుమతి అడుగుతుంది. చదవకుండా క్యాన్సిల్ కొడతాం. క్యాన్సిల్ అంటే 'తర్వాత చూద్దాం' అని మన లెక్క. విండోస్ లెక్క వేరు: అడ్మినిస్ట్రేటర్‌గా ఉండి క్యాన్సిల్ కొడితే ఆ ప్రోగ్రాంను ఆపమని నిబంధనలు రాసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత మీరు అదే ప్రోగ్రాంకు అనుమతి నిబంధన చేర్చినా పనిచేయదు, ఎందుకంటే ఆపమన్నదీ రానిమ్మన్నదీ రెండూ ఉంటే ఆపమన్నదే చెల్లుతుంది. 'అనుమతి ఇచ్చినా ఒప్పుకోవడం లేదు, ఇక ఆపేయడమే దారి' అని నిపుణుడు తేలుస్తాడు. జాబితాలో ఆ పాత నిరోధాన్ని వెతికి తీసేస్తే పని అయిపోయేది.

రెండో కారణం నెట్‌వర్క్ రకం. ఇంటి వైఫైని విండోస్ పబ్లిక్‌గా లెక్కగడితే పక్క కంప్యూటర్లకు మీ సిస్టం కనిపించదు, షేర్ చేసిన ఫోల్డర్లు తెరుచుకోవు. సెట్టింగ్స్‌లో ఆ వైఫైని ప్రైవేట్‌గా మార్చితే సరిపోతుంది. అప్పటికీ కుదరకపోతే, ఆగిపోతున్న ప్యాకెట్లను లాగ్ ఫైల్లో రాసుకోమని ఫైర్‌వాల్‌కే చెప్పవచ్చు. ఏ పోర్టు దగ్గర ఏది ఆగిందో అదే చూపుతుంది. ఇన్ని దారులుండగా మొత్తం తీసి పక్కన పెట్టడాన్ని మరమ్మతు అని ఎలా అంటారు?

ఇంకొందరున్నారు. స్విచ్ ఆపి ఊరుకోరు, సర్వీసుల జాబితాలోకి వెళ్లి ఫైర్‌వాల్ సర్వీసునే చంపేస్తారు. అలా చేయవద్దని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. స్టార్ట్ మెనూ పనిచేయకపోవచ్చు, కొత్త యాప్‌లు ఎక్కకపోవచ్చు, ఉన్నవి అప్‌డేట్ కాకపోవచ్చు. ఆర్నెల్ల తర్వాత స్టార్ట్ మెనూ తెరుచుకోకపోతే అదే నిపుణుడు విండోస్ మళ్లీ వేయాలంటాడు. ఆ డబ్బు ఎవరిది?

యాపిల్ కంప్యూటర్లలో, ఉబుంటులో ఫైర్‌వాల్ ఆఫ్‌లోనే వస్తుంది కదా అని అడిగేవాళ్లకు ఒక మాట. ఉబుంటు డెస్క్‌టాప్ బయటివాళ్ల కోసం పోర్టులు తెరిచి కూర్చోకుండా జాగ్రత్తపడుతుంది. విండోస్ అలా కాదు. దానిలో ఫైళ్ల షేరింగ్ లాంటి సర్వీసులు పుట్టుకతోనే వింటూ ఉంటాయి, వాటి ముందు నిలబడేది ఫైర్‌వాలే. ఒకదాని పద్ధతి తెచ్చి ఇంకోదానికి అంటగట్టడం వాదం కాదు.

ఫైర్‌వాల్ అన్నిటినీ ఆపుతుందని నేను అనడం లేదు. దొంగ లింకు మీద మీరు క్లిక్ చేస్తే అది ఆపలేదు. బ్యాంకు పేరుతో ఫోన్ చేసినవాడు చెప్పిన యాప్‌ను మీరే ఎక్కించుకుంటే ఆపలేదు. అది ఆ పని కోసం పుట్టలేదు. ఒక పని చేయలేదని, చేస్తున్న పనిని కూడా మాన్పించాలా?

విండోస్ 10కు మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పొడిగింపు కోసం విడిగా నమోదు చేసుకోని కంప్యూటర్లలో ఇకపై బయటపడే లోపాలకు ప్యాచ్ రాదు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఇవాళే విండోస్ సెక్యూరిటీలో ఫైర్‌వాల్ పేజీ తెరవండి. డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ మూడింటి పక్కనా ఆన్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు ఆన్ చేయండి, ఆ తర్వాత ప్రింటర్ సంగతి చూడండి.