పడిపోయిన చేతికి కాకిలెక్కలు

పావుకిలో చింతపండు కొనేటప్పుడు కాటా ముల్లు ఎటు ఊగుతోందో కళ్లు చిట్లించి చూస్తాం. పక్షవాతంతో పడిపోయిన చెయ్యి దగ్గరికొచ్చేసరికి మాత్రం కాటా అక్కర్లేదు. ఓ డాక్టరుగారు ‘ఊఁ, పైకెత్తు’ అని, మోచేతిని రెండుసార్లు ఆడించి, కాగితం మీద వైకల్యం నలభయ్యో అరవయ్యో శాతమని వేస్తే నోరు మూసుకుని ఇంటికొస్తాం. ఆ అంకె మీదే పింఛను, బస్సు రాయితీ, ఉద్యోగంలో రిజర్వేషన్ ఆధారపడి ఉంటాయి. 39 అయితే ఏమీ లేదు, 40 అయితే అన్నీ. ఆ ఒక్క అంకె తేడా ఎక్కణ్నుంచి వచ్చిందని ఎవరైనా అడిగారా?

నేను అడుగుతున్నాను. చేతి కదలికను మిల్లీమీటర్ల లెక్కన, సెకనులో వందో వంతు లెక్కన కొలిచే రోబోలు మూడు దశాబ్దాల పైబడి ప్రపంచంలో ఉన్నాయి. కొలవడం వాటికి బాగా తెలిసిన పని. ఆ పనికి తప్ప మిగతా అన్నిటికీ వాటిని వాడుతున్నాం. ఆస్పత్రి ప్రకటనల్లో బొమ్మగా వాడుతున్నాం, బిల్లులో ఒక పద్దుగా వాడుతున్నాం. కొలతకు మాత్రం ఇంకా కంటిచూపే గతి!

ఇప్పుడు కొలుస్తున్న తీరు చూడండి. కండరబలానికి 0 నుంచి 5 వరకు మార్కులు. రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పద్ధతి అది. డాక్టరు అడ్డుపెట్టిన బలాన్ని చెయ్యి కొంతమేర తట్టుకుంటే 4. పసిబిడ్డను ఎత్తుకోలేని చెయ్యీ నాలుగే, నిండుబిందె దగ్గర మాత్రమే తడబడే చెయ్యీ నాలుగే. కండరాల బిగుతుకు యాష్‌వర్త్ స్కేలు. అది 1964లో వచ్చింది. 1987లో బోహానన్, స్మిత్ అనే ఇద్దరు దాన్ని సవరించి, 1కీ 2కీ మధ్య ‘1+’ అనే మెట్టు దూర్చారు. ఫిజియో మోచేతిని చాపి చూసి, తన చేతికి తగిలిన బిగుతును బట్టి అంకె వేస్తారు. ఈ బిగుతు గుణమే అంత, వేగంగా చాపితే ఎక్కువ పట్టేస్తుంది, మెల్లగా చాపితే తక్కువ. ఎంత వేగంతో చాపారో కేసు షీటులో ఎవరూ రాయరు.

వీటిలోకెల్లా పెద్ద పేరున్నది ఫ్యుగల్-మేయర్ పరీక్ష. 1975లో స్వీడన్ నుంచి వచ్చింది. చేతికి 33 అంశాలు, ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు, మొత్తం 66. అసలు చేయలేకపోతే 0, సవ్యంగా చేస్తే 2, మధ్యలోవన్నీ 1. చెయ్యి కొంత దూరం వెళ్లి దారి తప్పినా ఒకటే, చివరి అంగుళంలో తప్పినా ఒకటే. నెలల తరబడి పళ్లు బిగబట్టి ఆ దూరమంతా గెలుచుకున్న మనిషికి పరీక్ష ఇచ్చే బహుమానం అదే పాత ఒకటి. ‘మార్పేమీ లేదమ్మా’ అని చెప్పి పంపేస్తారు.

ఈ పరీక్షలు పనికిరావని నేననను. అనుభవమున్న ఫిజియో చేతిలో అవి ఇప్పటికీ విలువైనవే. వాటితో తేలని సంగతిని తేలినట్టు రాసి, కింద సంతకం పెట్టి, దానికి ప్రభుత్వ ముద్ర వేయడం మీదే నా గొడవ.

వైకల్యం లెక్కకట్టడానికి 2001లో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల్లో చేతి సమన్వయానికి పది పనులు పెట్టారు. అన్నం తినడం, తల దువ్వుకోవడం, గుండీ పెట్టుకోవడం, గ్లాసుతో నీళ్లు తాగడం వంటివి. ఒక్కో పనికి 9 శాతం, మొత్తం 90. జాబితా చక్కగా ఉంది, మన బతుకుల్లోంచి ఏరినదే. కానీ నీళ్లు తాగాడా లేదా అనే ఒక్క ప్రశ్నతో ఆగిపోతుంది. గ్లాసు నోటి దగ్గరికి వచ్చిందా, నోరే గ్లాసు దగ్గరికి వెళ్లిందా? చెయ్యి చాలనప్పుడు మనిషి నడుము వంచుతాడు, భుజం ఎగరేస్తాడు, మెడ సాచుతాడు. పని అయిపోతుంది. చెయ్యి బాగుపడిందని రాసేస్తారు. నిజానికి బాగుపడింది చెయ్యి కాదు, మనిషి ఎలాగో నెట్టుకురావడం నేర్చుకున్నాడంతే. ఈ రెంటి తేడా తెలియాలంటే కదలికనే కొలవాలని పక్షవాత పునరావాస రంగంలోని అంతర్జాతీయ నిపుణుల బృందం 2019లో తేల్చి చెప్పింది. 2001 తరవాత 2018లోనూ 2024లోనూ మన మార్గదర్శకాలు మారాయి. కొలిచే సాధనం మారలేదు.

రోబో ఏం చేస్తుంది? అమెరికాలోని ఎంఐటీలో నెవిల్ హోగన్, హెర్మానో క్రెబ్స్ బృందం రూపొందించిన ఎంఐటీ-మానస్‌నే తీసుకోండి. దానితో రోగుల మీద పరీక్షలు 1994లోనే మొదలయ్యాయి. రోగి బల్ల ముందు కూర్చుని పిడి పట్టుకుంటాడు. తెరమీద మధ్యలో ఒక చుక్క, చుట్టూ ఎనిమిది చుక్కలు. మధ్య నుంచి ఒక్కో చుక్కకూ 14 సెంటీమీటర్లు. చెయ్యి అటు వెళ్లి ఇటు రావాలి. ఈలోగా యంత్రం చెయ్యి ఎక్కడుందో, ఎంత వేగంతో ఉందో, పిడిని ఎంత బలంతో ఏ వైపు నెట్టిందో అదేపనిగా రాసుకుంటుంది.

ఆరోగ్యంగా ఉన్న చెయ్యి ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు వెళ్లేటప్పుడు వేగం నున్నగా పెరిగి, నున్నగా తగ్గుతుంది. తమార్ ఫ్లాష్, హోగన్ 1985లోనే దీన్ని గణితంలో పెట్టారు. పక్షవాతం వచ్చిన కొత్తలో అదే కదలిక ముక్కలు ముక్కలవుతుంది. ఆగి, కదిలి, మళ్లీ ఆగుతుంది. కోలుకుంటున్నకొద్దీ ఆ ముక్కలు ఒకదాన్నొకటి కలుపుకుంటాయి. చెయ్యి చుక్కను ఇంకా అందుకోలేకపోతున్నా, లోపల మెదడు దారి వెతుక్కుంటోందని చెప్పే మొదటి సాక్ష్యం ఇదే కావచ్చు. ఏ డాక్టరు కన్ను దీన్ని అంకెల్లో పట్టగలదు? ఈ నున్నదనాన్ని నమ్మకంగా లెక్కకట్టడానికి నేడు ప్రపంచమంతా వాడే సూత్రాల్లో ఒకదాన్ని 2012లో ప్రకటించిన ముగ్గురిలో మొదటివాడు శివకుమార్ బాలసుబ్రమణియన్. ఆయన పనిచేసేది మన పక్కనే, వెల్లూరు సీఎంసీలో. కొలత మీద శాస్త్రం మనవాళ్లే రాస్తుంటే కొలతకు నోచుకోనిదీ మనవాళ్లే!

ఇంకోటి వినండి. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ స్కాట్ తయారుచేసిన కైనార్మ్ అనే రోబో ఉంది. చేతులు రోగికి కనబడకుండా చేసి, పడిపోయిన చేతిని యంత్రమే ఒక చోటికి తీసుకెళ్తుంది. రెండో చేతిని అద్దంలో ప్రతిబింబంలా సరిగ్గా అదే చోటికి తేవాలి. కొందరికి బలం బాగానే ఉంటుంది, చెయ్యి ఎక్కడుందో మాత్రం తెలియదు. చూపు పక్కకు తిప్పితే చేతిలో వస్తువు జారిపోతుంది. ఇలాంటివాళ్లను మన పరీక్ష గదుల్లో ‘బలం 5కి 5’ అని ఇంటికి పంపుతారు. ఇంట్లోవాళ్లు ‘బద్ధకం’ అంటారు. డాక్టర్లు వేలి కణుపును పైకీ కిందికీ వంచి ‘ఎటుంది?’ అని అడిగే పరీక్షలో ఉందా లేదా అన్నదే తేలుతుంది. ఎంత పోయిందో తేలదు.

చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జూలియస్ డెవాల్డ్ బృందం మరో నిజం బయటపెట్టింది. చేతి బరువును యంత్రం మోస్తున్నప్పుడు చక్కగా చాపగలిగిన రోగికే, తన చేతి బరువు తానే మోయాల్సి వచ్చేసరికి మోచెయ్యి దానంతటదే ముడుచుకుపోతుంది. అందుకునే మేర కుంచించుకుపోతుంది. ఇప్పుడు వైకల్య శాతం వేసే మెడికల్ బోర్డు గదిని తలచుకోండి. డాక్టరు మోచేతి కింద చెయ్యి పెట్టి ‘చాపు’ అంటే చాపుతాడు. అలమరలో డబ్బా అందుకోమంటే? అక్కడ మోచేతి కింద చెయ్యి పెట్టేదెవరు?

ఇంత చెప్పే యంత్రాన్ని మన కార్పొరేట్ ఆస్పత్రులు ఏమని అమ్ముతున్నాయి? ‘రోబోటిక్ థెరపీ, త్వరిత స్వస్థత’ అని. ఆధారం చూద్దాం. అమెరికాలో 127 మంది మీద జరిగిన పరీక్ష 2010లో వెలువడింది. 12 వారాలకు మామూలు చికిత్స కంటే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బ్రిటన్‌లో 770 మంది మీద జరిగిన ర్యాటల్స్ పరీక్ష 2019లో లాన్సెట్‌లో వచ్చింది. చేతితో పనులు చేసుకునే శక్తిలో రోబో శిక్షణ మామూలు వైద్యం కంటే మెరుగని తేలలేదు. ఈ మాట బ్రోషర్లలో వేయరు. మరోవైపు 2014లో క్రెబ్స్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, చేతితో వేసే మార్కుల కంటే రోబో కొలతలే కోలుకోవడంలోని మార్పును స్పష్టంగా పట్టుకున్నాయి. అంటే బలహీనంగా నిరూపితమైన గుణాన్ని అమ్ముతున్నారు, బలంగా నిరూపితమైన గుణాన్ని మూలన పడేస్తున్నారు. కారణం సులువు. చికిత్స పూటపూటకూ బిల్లవుతుంది. కొలత అలా బిల్లవదు. పైగా నిజం చెప్పేస్తుంది: ‘అయ్యా, నెల రోజుల మీ ప్యాకేజీతో ఈ చేతిలో ఏమీ మారలేదు’ అని.

సర్కారు సంగతికి రండి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయలు. వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపుల్లో వేసిన పర్సంటేజీలను 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మళ్లీ పరిశీలించింది. శాతం తగ్గిందని నోటీసులు అందుకున్నవాళ్లు కలెక్టరేట్ల ముందు నిలబడ్డారు. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయా? ఉన్నాయి, పట్టుకోవాల్సిందే. మరి నిజంగా చెయ్యి పడిపోయినవాడి శాతం తగ్గిస్తే తప్పు ఎక్కడ జరిగింది? మొదటి డాక్టరు దగ్గరా, రెండో డాక్టరు దగ్గరా? చెప్పగలవాళ్లు లేరు. ఫైల్లో ఉన్నవి రెండు సంతకాలు, రెండు అంకెలు. మధ్యలో కొలత లేదు. కొలత లేనిచోట పేదవాడి అప్పీలుకు ఆధారమూ లేదు.

‘రోబోలు లక్షల ఖరీదు, పేద రాష్ట్రాలకెక్కడివి?’ అంటారు. చికిత్సకైతే ఒక యంత్రానికి రోజుకు కొద్దిమందే. కొలతకైతే ఒక్కో పరీక్ష కొద్ది నిమిషాల పని. ఉమ్మడి జిల్లాకొక ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఒక్కటి పెట్టండి చాలు. వేళ్లకూ మణికట్టుకూ పనికొచ్చే ప్లూటో అనే చిన్న రోబోను ఐఐటీ మద్రాసు, సీఎంసీ వెల్లూరు కలిసి దేశంలోనే తయారుచేశాయి. ప్రభుత్వం కొంటే ఇలాంటివి ఇంకా పుడతాయి.

రెండో అభ్యంతరమే నాకు నిజంగా భయం కలిగించేది. యంత్రం చేతికొస్తే దాన్నే పింఛన్లు కోసే కత్తెరగా వాడరా? వాడతారు, వదిలేస్తే. అందుకే హద్దులు ముందే గీయాలి. బల్లమీది రోబో నున్నదనం కొలుస్తుంది, ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడం కొలవదు. పైన చెప్పిన పది పనుల జాబితా పక్కనే ఉండాలి. ‘మామూలు చెయ్యి’ అంటే ఏమిటో చెప్పే ప్రమాణాలు కెనడావాళ్ల చేతుల నుంచి తెచ్చుకోకుండా మన వయసువాళ్ల, మన కూలీల, మన ఆడవాళ్ల చేతుల నుంచి కట్టాలి. యంత్రం ఒక్కటే చెప్పిందని ఎవరి పింఛనూ ఆపకూడదు. నిర్ణయం డాక్టరుదే, సాక్ష్యం మాత్రం కాగితం మీద ఉండాలి.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. పక్షవాతం వచ్చిన చేతిని ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, పర్సంటేజీ వేసే ముందు ఒకసారి కొలవాలి. ఆ కొలతల నకలు రోగి చేతికే ఇవ్వాలి. అది కంపెనీ సర్వర్లో మగ్గకూడదు. శాతం తగ్గించే ప్రతి ఉత్తర్వులో పాత కొలత, కొత్త కొలత పక్కపక్కన చూపించాలి. చూపించలేకపోతే ఆ ఉత్తర్వు చెల్లదని చట్టంలోనే రాయాలి.

అంతవరకూ పాఠకులకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా చెయ్యి పడిపోతే, రోబో థెరపీ ప్యాకేజీ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇవాళ్టి కొలత ఎంత? నెల తరవాతి కొలత మాకు రాసిస్తారా?’ ‘ఇవ్వం’ అంటే డబ్బు కట్టకండి. మెడికల్ బోర్డులోనూ ఇదే అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.