బతుకమ్మ పాట ఎవరిది?

గడచిన సద్దుల బతుకమ్మనాటి రాత్రి మోర్తాడులో ఒక దృశ్యము చూచితిని. వీధి నడుమ తంగేడు, గునుగు, బంతిపూలతో పేర్చిన బతుకమ్మలు వరుసగా నున్నవి. చుట్టును పట్టుచీరలు గట్టిన పడుచులు తిరుగుచున్నారు. పది గజముల దూరమున ఒక ట్రాలీపై మనిషి నిలువెత్తు సౌండు బాక్సులు. పాట ఆ బాక్సులలోనుండి వచ్చుచున్నదేకాని, ఆడువారిలో ఒక్కరి పెదవియు కదలుట లేదు. ఏబది ఏండ్లుగా ఆ వీధిలో పాట నెత్తుకొనిన ముసలమ్మ యొకతె అరుగుమీద కూర్చుండి చూచుచున్నది. “ఏమే అవ్వా, పాడవా?” యని యడిగితిని. “ఆ డబ్బ పాడవట్టె, మేమేడ పాడాలె కొడుకా? మాకు దమ్మొస్తది, డబ్బకు దమ్ము రాదాయె” అనెను. వాదోపవాదములలో నా పొట్ట పోసికొనుచున్న నాకు ఆ మాటకు ప్రత్యుత్తరము దొరకలేదు.

బతుకమ్మపాట వినుటకై పుట్టినది కాదు. ఒకతె చరణ మెత్తుకొనును. తక్కినవారు వలయముగ వంగి చప్పట్లు చరచుచు పల్లవి నందుకొందురు. ఎత్తుకొన్న ఆమె ఊపిరి తీసికొనినంతసేపు వలయమెల్ల ఊపిరి తీసికొనును. గుంపులో డెబ్బది యేండ్ల అవ్వయు, ఏడేండ్ల పిల్లయు నుందురు గనుక నడక ఇద్దరికి సరిపోవునట్లు దానంతట నదియే కుదురును. అత్తింటి ఆరళ్లు, పుట్టింటి పిలుపు, కరువు, దొర దౌర్జన్యము, పురాణకథ ఇవి యన్నియు ఆ చప్పట్లమీదనే ఒక తరమునుండి మరియొక తరమునకు నడచివచ్చినవి. పాడునామె తనకు తోచిన చరణము కలుపుకొనును. ఊరిలో జరిగినది, ఇంటిలో జరిగినది, ఎదుట నిలువబడి చెప్పలేనిది అందులో చేర్చును. బాక్సులోని పాట ఎవరికొరకును ఆగదు. దాని వేగమునకు మొదట ముసలివారు వలయమునుండి తప్పుకొనిరి. వారితో పాట తప్పుకొనెను. ఇప్పుడు మిగిలినది అడుగు మాత్రమే.

ఈ విషయమున నేరమంతయు పడుచువారిపై మోపుట అన్యాయము. మావంటివారము ముందుగా మా లెక్క చెప్పవలసియున్నది. 2002లో కామారెడ్డిలో ధూంధాం మొదలైన నాటినుండి తెలంగాణ ఉద్యమము పాటను ఆయుధముగ పట్టుకొనెను. 2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలై నలుబది రెండు దినములు సాగినప్పుడు బతుకమ్మ పండుగ ఆ నడుమనే వచ్చినది. ఆ యేడు స్త్రీలు బతుకమ్మలను రహదారిమీదికి తెచ్చి ఆడిరి. వాలంటీరునై లారీల నాపుచు నేనును ఆ రహదారిమీద నుంటిని. ఆ రాత్రి బాక్సులు లేవు; ఎత్తుకొన్న గొంతు గలదు, అందుకొన్న గొంతులు గలవు. 2014లో రాష్ట్రము వచ్చెను. ఆ యేడే బతుకమ్మ రాష్ట్ర పండుగ యయ్యెను. ఆ పిమ్మట రాజధానిలో స్టేడియములు నిండినవి, ప్రపంచ రికార్డులు వచ్చినవి, 2017 నుండి చీరలు పంచిరి. సిరిసిల్ల మగ్గమునకు పని దొరకినందులకు సంతోషించువారిలో నేనొకడను. కాని పండుగను పైనుండి జరిపించుట మొదలైన తరువాత వేదిక వచ్చెను, వేదిక వెంట మైకు వచ్చెను, మైకు వెంట ఈ బాక్సులు వచ్చినవి. ఆడువారు ప్రేక్షకులైరి. మేము గెలిచితిమనుకొన్న దినమునుండియే పాట మా చేతినుండి జారిపోవుట ఆరంభమైనదేమో యని నా సందేహము.

ఇట్టిది మనకొక్కరికే జరిగినది కాదు. సయాము దేశమునకు 1939లో థాయ్‌లాండ్ అని పేరు మార్చిన ప్రధానమంత్రి ఫిబూన్ సొంగ్‌ఖ్రామ్ ఆ కాలమున ప్రజల నిత్యజీవితమునకే ఉత్తరువులు జారీచేసెను. టోపీ ధరింపవలెను, తాంబూలము నమలరాదు, ఇట్టి వస్త్రములే కట్టవలెను. ఆ దేశపు పల్లెలలో ‘తోన్’ అను మద్దెల దరువునకు స్త్రీపురుషులు వలయముగ తిరుగుచు ఆడు ఆట యొకటి యుండెను. యుద్ధకాలమున ప్రభుత్వము దానిని చేపట్టి ‘రామ్‌వోంగ్’ అను పేర 1944లో పది పాటలు, ఒక్కొక్క పాటకు ఇట్టి చేతిముద్రయని కట్టడిచేసెను. పది పాటలలో ఆరు ప్రధానమంత్రి భార్యయే వ్రాసెను! ఆట బ్రతికినది, పాఠశాలలలో నేటికిని నేర్పుచున్నారు. మరియొక వంక యుద్ధానంతరము తిరునాళ్లలో టిక్కెట్టు కొని, కూలికి వచ్చిన పడుచులతో ఒక పాటసేపు ఆడు రామ్‌వోంగ్ దళములు బయలుదేరినవి. సర్కారు చేతిలో సగము, బజారు చేతిలో సగము. ఆ వలయమును, మన వలయమును తలచుకొన్నప్పుడు నాకు భయము కలుగుచున్నది.

అట్లని పాతదంతయు బంగారమని నేననను. మన ఊళ్లలో ఊరంతయు ఒక్క వలయమున ఆడెనన్నది సగము నిజము. వాడవాడకు బతుకమ్మ వేరుగ నుండుటయు మన మెరిగినదే. ఈ జిల్లాకు కీర్తి తెచ్చిన చిందు యక్షగానమునే చూడుడు. బోధన్ దగ్గర అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూసినప్పుడు పత్రికలన్నియు ఆమెను కొనియాడినవి. కాని ఆ కళాకారులకు ఊరు బియ్యము పెట్టినదేకాని గౌరవమెప్పుడు పెట్టినది? పేదయింటి పిల్లలను జోగినులుగ చేయు దురాచారము ఈ జిల్లాలో వేళ్లూని యుండగా, దానిని నిషేధించు శాసనము 1988 వరకు రాలేదు. ఆ దినములు తిరిగి రావలెనని ఎవరు కోరుదురు? నాకు కావలసినది ఆనాటి ఊరు కాదు, ఆ గొంతు.

యంత్రములపై నాకు ద్వేషము లేదు. ఈ ప్రాంతమున దుబాయి, మస్కట్టు పోనివాడు లేని వాడ లేదు. మా చిన్ననాడు గల్ఫునుండి వచ్చినవాడు తెచ్చు మొదటి వస్తువు టేపురికార్డరు. చదువురాని తల్లి తన మాటలను క్యాసెట్టులో నింపి కొడుకునకు పంపెడిది. పండుగకు బతుకమ్మపాటలు నింపి పంపినవారును గలరు. యంత్రమున్నది, కాని అందులో పలికినది తల్లి గొంతు. నేటి బాక్సులో పలుకునది మన యెవరి గొంతును కాదు.

ఇక డబ్బు సంగతి. మా ఆర్మూరు ప్రాంతపు గ్రామాభివృద్ధి కమిటీలు ఎట్టివో పాఠకు లెరుగుదురు. శాసనము వానికి ఏ అధికారమును ఇయ్యలేదు. ఐనను ఊరిలో వాని మాటకు తిరుగు లేదు. వేలముపాటల సొమ్ము, చందాల సొమ్ము వాని చేతిలో నుండును. డీజేలకు అద్దె చెల్లించునదియు అనేక గ్రామములలో ఆ సొమ్మే. 2000లో వచ్చిన ధ్వని కాలుష్య నియమముల ప్రకారము నివాస స్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు మించరాదు. రాత్రి పదింటినుండి ఉదయ మారింటివరకు లౌడుస్పీకరు కూడదు. పండుగలకు ఏడాదికి పదునైదు దినములు మించకుండ అర్ధరాత్రివరకు సడలించు అధికారము ప్రభుత్వమునకు గలదు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలనే నిషేధించిరి. ఐనను ఇది కోర్టుకెక్కవలసిన తగవని నేననుకొనను. పోలీసు వచ్చి బాక్సు ఆర్పినంతమాత్రమున అవ్వ నోట పాట పుట్టదు. పడుచులు విసుగుకొని ఇంటికి పోవుదురు.

కనుక నా విన్నపము చిన్నది. తొమ్మిది దినములలో ఎంగిలిపూల నాడును, సద్దులనాడును మన వీధులలో బాక్సు పెట్టవలదు. ఆ అద్దె సొమ్ముతో పాట తెలిసిన అవ్వలకు చీర, రవికె పెట్టి, పండుగకు పదిదినములు ముందుగా గ్రంథాలయమునకు పిలిపింపవలెను. ఇంటరు చదువు పిల్లలు ఇద్దరు ముగ్గురు కాగితము, సెల్ ఫోను పట్టుకొని కూర్చుండవలెను. బిరుదురాజు రామరాజుగారు జానపదగేయములకై ఊరూరు తిరిగిన కాలమున వారికి ఈ సౌకర్యములు లేవు. పసుపు ముద్దచేసి గౌరమ్మను నిలుపు పండుగ ఇది. పసుపు పండించు ఊరిలో దాని పాట వ్రాసికొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

ఆ అరుగుమీది అవ్వను మరునాడు మరల కలిసితిని. ఎన్ని పాటలు వచ్చునని యడిగితిని. వ్రేళ్లు ముడిచి లెక్కించుచు పదునెనిమిదివరకు వచ్చి ఆగినది. ఇంకను గలవు గాని ఎవరైనా ఎత్తుకొన్నగాని గుర్తురావనెను. కమిటీ పెద్దలు వచ్చు సమావేశమున ఈ విషయము చర్చకు పెట్టుదురని ఆశించుచున్నాను. కాగితము, కలము నేను తెచ్చెదను.